కుక్కపిల్లలలో డిస్టెంపర్ వ్యాధి – యాజమాన్యం, నివారణ

45 రోజుల వయసులో కొని తెచ్చిన కుక్కపిల్లకు ఒక టీకా వేయిస్తారు. రెండవ టీకా తేదీ కార్డు మీద రాసి ఉంటుంది గాని, పిల్ల చలాకీగా ఉందన్న ధీమాతో ఆ తేదీ దాటిపోతుంది. మూడవ నెల నిండే సమయానికి కళ్ళలో పుసులు, ముక్కులో చీమిడి కనిపిస్తాయి. జలుబు అనుకుని మందుల దుకాణంలో అడిగి తెచ్చిన మాత్ర వేస్తారు. నాలుగైదు రోజులలో జ్వరం తగ్గి, పిల్ల మళ్ళీ తిండి ముడుతుంది. పది రోజులకో, నెలకో ఒక ఉదయం కణత దగ్గర కండరం ఆగకుండా అదరడం, ఏదో నములుతున్నట్లు దవడలు ఆడించడం, నోట నురుగుతో పక్కకు పడిపోవడం మొదలవుతాయి. అప్పుడు పశువైద్యశాలకు తీసుకువచ్చిన యజమాని అడిగే ప్రశ్న తరచుగా ఒక్కటే: "సూది వేయించాం కదండీ, మరి ఎందుకు వచ్చింది?"

ఈ ప్రశ్నకు సమాధానం తెలిసినవారికి డిస్టెంపర్ నివారణ చాలావరకు తెలిసినట్లే. ఈ వ్యాధి వైరస్ వలన వస్తుంది. శరీరంలో ప్రవేశించిన తరువాత ఆ వైరస్‌ను నిర్మూలించగలదని రుజువై, వాడుకలోకి వచ్చిన మందు ఇంతవరకు లేదు. వైద్యమంతా జంతువును నిలబెట్టే ప్రయత్నమే. కనుక భారమంతా టీకా మీద పడుతుంది. టీకా ఫలితమేమో మొదటి మోతాదు కంటే చివరి మోతాదు మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

వ్యాధి కారకం, వ్యాప్తి

డిస్టెంపర్ వైరస్ పారామిక్సోవిరిడే కుటుంబంలోని మార్బిల్లి వైరస్ ప్రజాతికి చెందినది. ఈ ప్రజాతిలోని ఇతర వైరస్‌లు రైతులకు కొత్తవి కావు. గొర్రెలు, మేకలలో పారుడు రోగంగా పిలిచే పి.పి.ఆర్., మనుషులలో తట్టు, 2011లో ప్రపంచం నుండి నిర్మూలించినట్లు ప్రకటించిన పశువుల రిండర్‌పెస్ట్ దీనికి దగ్గరి బంధువులు. అయితే ఇంత దగ్గరి బంధుత్వం ఉన్నా డిస్టెంపర్ మనుషులకు సోకి జబ్బు చేయదు. గొర్రెల పి.పి.ఆర్. టీకాను కాపలా కుక్కకు కూడా వేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. కుక్కలకు వాటి టీకానే వేయించాలి.

ఈ వ్యాధికి వైరస్ కారణమని 1905లో ఫ్రెంచి పశువైద్యుడు హెన్రీ కారే నిరూపించాడు. అందుకే కొన్ని పాత గ్రంథాలలో దీనిని కారే వ్యాధి అన్నారు. 1920వ దశకంలో ఇంగ్లండులో లెయిడ్లా, డంకిన్ అనే శాస్త్రజ్ఞులు ఫెర్రెట్లపైన, కుక్కలపైన పరిశోధనలు చేసి తొలి టీకాలకు దారి వేశారు. అంటే ఈ వ్యాధిని నివారించే మార్గం దాదాపు నూరేళ్ళ నాడే తెరుచుకున్నది.

వ్యాధి సోకిన కుక్క దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వెలువడే తుంపరల ద్వారా వైరస్ ప్రధానంగా వ్యాపిస్తుంది. కంటి పుసి, చీమిడి, చొంగ, మూత్రం, మలంలో కూడా వైరస్ ఉంటుంది. ఒకే పళ్ళెంలో తినడం, పక్కపక్కన కట్టి ఉంచడం, సంతలో ఒకే బుట్టలో వేర్వేరు ఇళ్ళ పిల్లలను కలిపి అమ్మడం వంటివి వ్యాధికి సులువైన దారులు. కోలుకున్న కుక్క సైతం కొన్ని వారాల పాటు, ఒక్కొక్కసారి రెండు మూడు నెలల వరకు వైరస్‌ను వెలువరిస్తూనే ఉండవచ్చు. అన్ని వయసుల కుక్కలకూ సోకుతుంది గాని, తల్లి నుండి వచ్చిన రక్షణ తరిగిపోయి, టీకాలు పూర్తికాని 3 నుండి 6 నెలల పిల్లలలో ఎక్కువగా కనిపిస్తుంది. నక్కలు, గుంటనక్కలు, తోడేళ్ళు, పులులు, సింహాల వంటి వన్యప్రాణులకు కూడా ఈ వ్యాధి సోకుతుంది. ఇంటి పిల్లి మాత్రం దీనితో జబ్బు పడదు.

ఈ వైరస్‌కు ఒక బలహీనత ఉంది. కొవ్వు పొరతో కప్పబడి ఉండటం వలన శరీరం బయట ఎక్కువ కాలం బతకలేదు. సబ్బు నీరు, బ్లీచింగ్ ద్రావణం, సాధారణ క్రిమిసంహారకాలు, ఎండ, వేడి దీనిని త్వరగా నశింపజేస్తాయి. మామూలు గది ఉష్ణోగ్రతలో కొన్ని గంటలు మాత్రమే నిలుస్తుంది. చల్లని, తేమ గల చోట మరికొంత ఎక్కువ కాలం ఉంటుంది. రక్త విరేచనాలు కలిగించే పార్వో వైరస్ ఇందుకు పూర్తిగా భిన్నం. అది నేలలో నెలల తరబడి ఉండగలదు. ఒక పిల్ల చనిపోయిన ఇంట్లోకి మరొక పిల్లను తెచ్చే ముందు చనిపోయినది ఏ వ్యాధితో అన్నది నిర్ధారించుకోవడం ఇందుకే అవసరం. డిస్టెంపర్ అయితే శుభ్రపరచి కొద్ది వారాలు ఆగితే చాలు. పార్వో అయితే ఆ ధైర్యం చేయరాదు.

శరీరంలో వ్యాధి నడక

పీల్చిన గాలితో లోపలికి వెళ్ళిన వైరస్ మొదట గొంతులోని టాన్సిల్స్‌ను, శ్వాసనాళాల వద్ద ఉన్న లింఫు గ్రంథులను చేరుతుంది. అక్కడ వృద్ధి చెంది, వారం లోపే ప్లీహం, పేగులలోని రక్షక కణజాలానికి పాకుతుంది. 3 నుండి 6 రోజుల మధ్య మొదటిసారి జ్వరం వస్తుంది. ఇది తేలికగా ఉండి ఒకటి రెండు రోజులలో తగ్గిపోవడం వలన చాలామంది గమనించరు. ఈ దశలోనే వైరస్ లింఫోసైట్లను దెబ్బతీస్తుంది. అంటే శత్రువును ఎదిరించవలసిన సైన్యమే ముందుగా కూలుతుంది. ఆ తరువాత మామూలుగా హాని చేయని బాక్టీరియా కూడా ఊపిరితిత్తులలో చేరి న్యుమోనియా కలిగిస్తాయి. డిస్టెంపర్ సోకిన పిల్లలలో చాలా మరణాలకు ఈ రెండవ దెబ్బే కారణం.

రెండవ వారంలో పిల్ల భవిష్యత్తు తేలుతుంది. అప్పటికి తగినన్ని ప్రతిరక్షకాలు తయారైతే వైరస్ శరీరం నుండి తొలగిపోతుంది, పైకి లక్షణాలే కనిపించకపోవచ్చు. అసలు తయారు కాకపోతే శ్వాసకోశం, జీర్ణకోశం, చర్మం, మెదడు అన్నింటికీ వైరస్ పాకి వ్యాధి తీవ్రమవుతుంది. ఈ రెండింటికీ మధ్యలో, ప్రతిరక్షకాలు చాలీచాలనట్లు తయారైన పిల్లల విషయమే యజమానులను మోసం చేస్తుంది. జ్వరం తగ్గుతుంది, దగ్గు తగ్గుతుంది, వైరస్ మాత్రం మెదడులో, వెన్నుపాములో మిగిలిపోతుంది. అది వారాల తరువాత, ఒక్కొక్కసారి నెలల తరువాత బయటపడుతుంది.

వ్యాధి లక్షణాలు

ఆరోగ్యంగా ఉన్న కుక్క శరీర ఉష్ణోగ్రత సుమారు 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. డిస్టెంపర్‌లో 103 దాటి, ఒక్కొక్కసారి 105కు పైగా పోతుంది, తగ్గి మళ్ళీ వస్తుంది. మొదట నీళ్ళలా కారే కన్ను, ముక్కు రెండు మూడు రోజులలో చిక్కని పసుపుపచ్చ పుసిగా, చీమిడిగా మారి రెప్పలు అతుక్కుపోతాయి. పొడిదగ్గు, ఆయాసం, తిండి మానడం, వాంతులు, విరేచనాలు తోడవుతాయి. కొన్ని పిల్లలలో పొట్ట అడుగున, తొడల లోపలి వైపు వెంట్రుకలు లేని చోట చిన్న చీము పొక్కులు వస్తాయి. ఈ పొక్కులను చూసి యజమానులు బెంబేలెత్తుతారు గాని, ఇవి ఉన్న పిల్లలలో నాడీ లక్షణాలు రావడం అరుదని పశువైద్యులు గమనించారు. ముక్కు కొన, అరికాలి మెత్తలు గట్టిపడి పెచ్చులు కట్టడం మాత్రం మంచి సూచన కాదు. అటువంటి కుక్కలలో చాలావరకు మెదడు కూడా దెబ్బతిని ఉంటుంది.

నాడీ లక్షణాలు ఎన్నో విధాలు. చూయింగ్ గమ్ నములుతున్నట్లు దవడలు ఆడిస్తూ చొంగ కార్చడం, తల ఒక పక్కకు వాల్చడం, గుండ్రంగా తిరగడం, వెనుక కాళ్ళు తూలడం, చూపు పోవడం, మూర్ఛలు కనిపిస్తాయి. నిద్రలో కూడా ఆగకుండా ఒకే కాలు లేదా ఒకే కణత గడియారం కొట్టుకున్నట్లు అదరడం ఈ వ్యాధికి ప్రత్యేకమైన గుర్తు. ప్రాణం దక్కిన కుక్కలో కూడా ఈ అదురు జీవితాంతం ఉండిపోవచ్చు. పాలపళ్ళు ఊడకముందు వ్యాధి వచ్చి బతికిన పిల్లలకు శాశ్వత దంతాలు గుంటలు పడి, గోధుమ రంగు మచ్చలతో మొలుస్తాయి. పెద్ద కుక్క నోరు తెరిచి చూసి, చిన్నతనంలో దానికి డిస్టెంపర్ వచ్చి ఉండవచ్చునని పశువైద్యులు చెప్పగలగడం ఇందువలననే.

రేబిస్ కాదని తేలే వరకు

చొంగ కార్చడం, తూలడం, మింగలేకపోవడం, ప్రవర్తన మారడం రేబిస్‌లో కూడా ఉంటాయి. ఒకే కుక్కను చూసి ఇంట్లో ఒకరు ఎముక అడ్డుపడిందనీ, మరొకరు మూర్ఛ అనీ అనుకుని నోట్లో చేయి పెట్టి చూసే సందర్భాలు ఉన్నాయి. ఇది ప్రాణాంతకమైన సాహసం. రేబిస్ టీకా సక్రమంగా వేయించని కుక్కలో నాడీ లక్షణాలు కనిపిస్తే, పశువైద్యులు పరీక్షించే వరకు రేబిస్‌గానే భావించి విడిగా ఉంచాలి. పిల్లలను దగ్గరకు రానివ్వరాదు, చేతి తొడుగులు లేకుండా తాకరాదు. కరచినా, గీరినా, గాయం మీద చొంగ పడినా ఆ చోటును సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాల పాటు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా వేయించుకోవాలి. ఆ తరువాత అది డిస్టెంపరే అని తేలినా ఈ జాగ్రత్త వృథా కాదు.

వ్యాధి నిర్ధారణ

కళ్ళు, ముక్కు, దగ్గు, విరేచనాలు కలిసి కనిపించినప్పుడు టీకాల చరిత్రను బట్టి అనుమానించవచ్చు. కాని ప్రారంభ దశలో కెన్నెల్ కాఫ్, విరేచనాలు ఉన్నప్పుడు పార్వో, జ్వరంతో పాటు రక్తకణాలు తగ్గినప్పుడు పిడుదుల వలన వచ్చే ఎర్లీకియోసిస్ దీనిని పోలి ఉంటాయి. కంటి పొర నుండి దూదిపుల్లతో తీసిన నమూనాను చిన్న కిట్‌తో వైద్యశాలలోనే పరీక్షించవచ్చు. మరింత కచ్చితంగా కావాలంటే కంటి, ముక్కు స్రావాలు, రక్తం, మూత్రం నమూనాలను ఆర్.టి.–పి.సి.ఆర్. పరీక్షకు పంపాలి. కిట్‌లో వైరస్ లేదని వచ్చినంత మాత్రాన వ్యాధి లేదని నిశ్చయించరాదు. వ్యాధి ముదిరి నాడీ దశకు చేరిన కుక్కలలో కంటి స్రావంలో వైరస్ దొరకకపోవచ్చు. ఇటీవలే టీకా వేయించి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. టీకాలోని బలహీనపరచిన వైరస్ కూడా కొద్ది వారాల పాటు పి.సి.ఆర్. పరీక్షలో వ్యాధి ఉన్నట్లు చూపవచ్చు.

చికిత్స, ఇంటి వద్ద యాజమాన్యం

ముందే చెప్పినట్లు వైరస్‌ను చంపే మందు లేదు గనుక వైద్యులు మూడు పనులు చేస్తారు. వాంతులు, విరేచనాలతో కోల్పోయిన నీటిని, లవణాలను సెలైన్ ద్వారా భర్తీ చేస్తారు. న్యుమోనియాకు కారణమయ్యే బాక్టీరియాను యాంటీబయాటిక్స్‌తో అదుపు చేస్తారు. మూర్ఛలు వస్తే డయాజిపామ్, ఫినోబార్బిటాల్ వంటి మందులతో ఆపుతారు. యాంటీబయాటిక్ వాడుతున్నారు కదా, వ్యాధి నయమవుతుందని యజమాని అనుకోరాదు. అలాగే రెండు రోజులకే గుణం కనిపించిందని ఆపివేయరాదు.

మిగిలిన భారం ఇంటి వారిదే. వైద్యం ఎంత మంచిదైనా రోజుకు 24 గంటలు కుక్క పక్కన ఉండేది వైద్యుడు కాదు. కళ్ళు, ముక్కు రోజుకు మూడు నాలుగు సార్లు గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో తుడవాలి. వాసన తెలియని కుక్క తినదు, కనుక ముక్కు శుభ్రం చేయడమే సగం ఆకలి తెప్పిస్తుంది. కన్నీరు తగ్గి కనుగుడ్డు ఎండిపోయే ప్రమాదం ఉన్నందున వైద్యులు ఇచ్చిన చుక్కలు మానరాదు. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, మెత్తని పెరుగన్నం కొద్దికొద్దిగా వెచ్చగా పెట్టాలి. నోరు పట్టుకుని పాలు, గంజి, కషాయం పోయడం మన ఇళ్ళలో తరచుగా జరిగే పొరపాటు. దగ్గుతున్న, మూర్ఛలు వస్తున్న కుక్కకు ఇలా పోస్తే ఆ ద్రవం ఊపిరితిత్తులలోకి పోయి, ఉన్న న్యుమోనియా మరింత ముదురుతుంది. జ్వరానికి మనుషులు వాడే పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ మాత్రలు సొంతంగా వేయరాదు. మొదటిది కాలేయాన్ని, రక్తకణాలను దెబ్బతీస్తుంది. రెండవది కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను చెరుపుతుంది.

మూర్ఛ వచ్చినప్పుడు చేయవలసింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. మెట్లు, పదునైన వస్తువుల నుండి కుక్కను పక్కకు జరిపి, గదిలో వెలుగు, శబ్దం తగ్గించి, మూర్ఛ ఎంతసేపు ఉన్నదో గడియారం చూసి రాసుకోవాలి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్ళీ వచ్చినా వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. నోట్లో చేయి గాని, చెంచా గాని పెట్టరాదు. మనుషుల మూర్ఛకు చేసినట్లే కుక్క ముక్కులో ఉల్లిరసం పిండేవారు ఉన్నారు. దాని వలన మూర్ఛ ఆగదు సరికదా, ఉల్లిపాయ కుక్కల ఎర్ర రక్తకణాలకు విషం వంటిది.

కణతో కాలో అదరడం మాత్రమే మిగిలి, తిని తిరగగలిగిన కుక్కలు ఏళ్ళ తరబడి ఇంటి మనుషులతో హాయిగా బతుకుతాయి. ఆ అదురును చూడలేక కుక్కను వదిలించుకోవడం అన్యాయం. కాని మందులకు లొంగని మూర్ఛలు రోజురోజుకూ పెరుగుతూ, మింగలేక, లేవలేక బాధపడే కుక్క విషయంలో నొప్పి లేని మరణం గురించి వైద్యుడు ప్రస్తావిస్తే దానిని నిర్దయగా భావించనవసరం లేదు. ఈ నిర్ణయం పది రోజులు వాయిదా వేసినందువలన కుక్కకు దక్కేది చాలాసార్లు మరో పది రోజుల యాతన మాత్రమే.

టీకా వేయించినా ఎందుకు వస్తుంది?

యజమాని అడిగిన ప్రశ్నకు సమాధానం తల్లి పాలలో ఉంది. పుట్టిన తొలి రోజు తాగిన ముర్రుపాల ద్వారా తల్లి ప్రతిరక్షకాలు పిల్లకు చేరతాయి. గర్భంలో ఉండగా అందేవి చాలా స్వల్పం. ఇవి తొలి వారాలలో పిల్లను కాపాడతాయి. అయితే వీధిలోని వైరస్‌నూ, టీకాలోని బలహీనపరచిన వైరస్‌నూ అవి వేరువేరుగా గుర్తించలేవు. రెండింటినీ పట్టి నశింపజేస్తాయి. అంటే తల్లి రక్షణ బలంగా ఉన్నప్పుడు వేసిన టీకా పని చేయదు.

ఈ రక్షణ సుమారు 8, 9 రోజులకొకసారి సగమవుతూ పోతుంది. ఉదాహరణకు టీకా పనిచేయడానికి వీలయ్యే స్థాయిని 1 పాలు అనుకుంటే, పుట్టినప్పుడు 32 పాళ్ళు ఉన్న పిల్ల 5 సార్లు సగమై సుమారు 6 వారాలకే అక్కడికి దిగుతుంది. బాగా టీకాలు వేయించిన తల్లికి పుట్టి 1,024 పాళ్ళతో మొదలైన పిల్ల అదే స్థాయికి రావడానికి 10 సార్లు సగమవ్వాలి, అంటే సుమారు 12 వారాలు పడుతుంది. మొదటి పిల్లకు 45వ రోజున వేసిన టీకా పనిచేస్తుంది. రెండవ పిల్లకు అదే రోజున, అదే సీసాలోని టీకా వేసినా వృథా అవుతుంది. ఒకే కాన్పులో పుట్టిన పిల్లలలో కూడా ముర్రుపాలు ఎక్కువ తాగినదానికీ, తక్కువ తాగినదానికీ ఈ తేడా ఉంటుంది. పైకి చూసి ఏది ఏదో చెప్పడం సాధ్యం కాదు.

మరొక చిక్కు ఏమిటంటే, తల్లి రక్షణ తరుగుతూ వచ్చి వీధి వైరస్‌ను అడ్డుకోలేనంత తక్కువగా, టీకాను మాత్రం ఇంకా అడ్డుకోగలిగినంత ఎక్కువగా ఉండే కాలం ఒకటి ఉంటుంది. ఆ రోజులలో పిల్లకు తల్లి రక్షణా లేదు, టీకా రక్షణా లేదు. టీకా కార్డులో ఒక తేదీ, ఒక సంతకం ఉన్నప్పటికీ వ్యాధి రావడానికి ప్రధాన కారణం ఇదే. టీకా నకిలీది కావడం, వైద్యుడు సరిగా వేయకపోవడం కాదు.

అందువలన 6 నుండి 8 వారాల వయసులో మొదటి టీకా వేసి, ప్రతి 3 లేక 4 వారాలకొకసారి మళ్ళీ వేస్తూ, చివరి మోతాదు 16 వారాలు నిండిన తరువాత పడేలా చూడాలి. 8, 12, 16 వారాలలో వేయడం తేలికగా గుర్తుండే పద్ధతి. 6 వారాలకే మొదలుపెడితే ఒక మోతాదు అదనంగా అవసరమవుతుంది. ఈ మోతాదులను మొదటిది, రెండవది, బూస్టర్ అని లెక్కపెట్టడం వలన చివరివి ఐచ్ఛికమన్న భావన కలుగుతున్నది. వాస్తవానికి ఇవి ఒకదానిపై ఒకటి బలం పెంచడానికి వేసేవి కావు. తల్లి రక్షణ ఏ వారంలో తొలగినా ఏదో ఒక మోతాదు సరైన సమయానికి అందాలన్నదే ఉద్దేశం. 9వ వారంతో ఆపివేసిన పిల్లకు అసలు టీకా అందనే లేదన్న అవకాశం మిగిలి ఉంటుంది. 6 నెలలకు లేదా ఏడాదికి మరొక మోతాదు, ఆ తరువాత టీకా రకాన్ని, పరిసరాలను బట్టి వైద్యులు చెప్పిన విరామంలో కొనసాగించాలి.

యజమానులకు మరొక అపోహ ఉంది. ఉచిత శిబిరాలలో సాధారణంగా వేసేది రేబిస్ టీకా మాత్రమే. అది డిస్టెంపర్‌ను ఆపదు. 7 ఇన్ 1, 9 ఇన్ 1 అని వ్యవహరించే మిశ్రమ టీకాలలో డిస్టెంపర్, పార్వో తదితరాలు ఉంటాయి, వాటితో పాటు రేబిస్ టీకా విడిగా వేయించాలి. కార్డు మీద అంటించిన సీసా చీటీ చూసి ఏ టీకా పడిందో నిర్ధారించుకోవచ్చు.

టీకా మందు 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ ఉండాలి. మండల కేంద్రం నుండి ఊరికి తెచ్చేటప్పుడు చొక్కా జేబులో, ఎండలో నిలిపిన మోటారు సైకిల్ డిక్కీలో ఉంచిన సీసాలో జీవమున్న వైరస్ మిగలదు. ఐసు డబ్బాలో తేవాలి, గడ్డకట్టనివ్వరాదు. పొడిని ద్రావకంలో కలిపిన తరువాత వెంటనే వేయాలి. చిన్న జాతి పిల్ల కదా అని సగం మోతాదు వేసి మిగిలినది మరొక పిల్లకు దాచడం వలన రెండింటికీ రక్షణ దక్కకపోవచ్చు. జ్వరంతో ఉన్న పిల్లకు కోలుకున్న తరువాత వేయించాలి. చూడి కుక్కలకు ఈ జీవ టీకాలు వేయరాదు. ఆడకుక్కను జత కట్టించక ముందే దాని టీకాలు పూర్తి చేయాలి.

కొనేటప్పుడు, తెచ్చిన తరువాత

ఎనిమిది వారాలు నిండని పిల్లను తల్లి నుండి వేరు చేసి తేకపోవడం మేలు. తల్లి టీకా కార్డు అడగడం మర్యాద తప్పడం కాదు. కళ్ళలో తడి, దగ్గు ఉన్న ఒక్క పిల్ల గుంపులో ఉన్నా ఆరోగ్యంగా కనిపించే దాని తోబుట్టువును కూడా ఆ రోజు తేరాదు. వైరస్ సోకినది మొదలు లక్షణాలు కనిపించడానికి వారం నుండి నాలుగు వారాలు పట్టవచ్చు. ఇంట్లో ఇప్పటికే కుక్క ఉంటే కొత్త పిల్లను కనీసం రెండు మూడు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచి, పాత కుక్కకు మేత పెట్టిన తరువాతనే కొత్తదాని దగ్గరకు వెళ్ళాలి. చివరి టీకా పడే వరకు వీధిలో, ఇతర కుక్కలు మూత్రం పోసే చోట తిప్పరాదు. ఇంటికి వచ్చే మనుషులతో, ఇంట్లోని శబ్దాలతో పరిచయం మాత్రం మాన్పించనవసరం లేదు.

ఊరి కుక్కలు, అడవి జంతువులు

2018 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో గుజరాత్‌లోని గిర్ అడవుల తూర్పు భాగంలో, దల్ఖానియా రేంజిలో 23 సింహాలు మరణించాయి. వాటిలో డిస్టెంపర్ వైరస్, పిడుదుల ద్వారా వచ్చే బబీసియోసిస్ బయటపడ్డాయి. అమెరికా నుండి టీకాలు తెప్పించి, పట్టి ఉంచిన సింహాలకు వేశారు. ప్రపంచంలో ఆసియా సింహాలు స్వేచ్ఛగా తిరిగే ఒకే ఒక ప్రాంతంలో ఇది జరగడం వలన దేశమంతా ఉలిక్కిపడింది. అంతకు ముందు 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో ఇదే వ్యాధి సుమారు 1,000 సింహాలను, అంటే అక్కడి సంఖ్యలో మూడవ వంతును బలిగొన్నది. ఆ పైన సెరెంగెటి చుట్టుపక్కల గ్రామాలలో కుక్కలకు టీకాలు వేశారు. దాని వలన కుక్కలలో వ్యాధి తగ్గింది గాని, సింహాలకు వైరస్ సోకడం పూర్తిగా ఆగలేదు. ఇతర వన్యప్రాణులలో కూడా వైరస్ తిరుగుతుండటమే ఇందుకు కారణంగా భావిస్తున్నారు. కుక్కల టీకాలు అడవికి సంపూర్ణ కవచం కాకపోయినా, మనిషి చేతిలో ఉన్న మార్గం ప్రస్తుతానికి అదొక్కటే.

తెలుగు రాష్ట్రాలలో నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాల అంచున, లోపల గూడేలు, పెంటలు ఉన్నాయి. గొర్రెల మందల వెంట కాపలా కుక్కలు అడవి అంచున తిరుగుతాయి, చెంచుల వెంట కుక్కలు అడవిలోకీ వెళతాయి. ఒకే నీటి గుంట వద్ద కుక్క, నక్క, చిరుత నీళ్ళు తాగే పరిస్థితి ఉన్న చోట పులికి టీకా వేయడం కంటే కుక్కకు వేయడమే సులువు. గొర్రెలకు టీకాలు వేయడానికి పశుసంవర్ధక సిబ్బంది మంద వద్దకు వెళ్ళిన రోజున ఆ మంద కుక్కలను కూడా పట్టి ఉంచమని కాపరులకు ముందుగా చెబితే మరొక ప్రయాణం అవసరం ఉండదు.

వీధి కుక్కకు మూడు సార్లు ఎవరు టీకా వేస్తారన్న సందేహం సహజమే. పిల్లలకు అన్ని మోతాదులు అవసరమైనది తల్లి ప్రతిరక్షకాల వలన. 16 వారాలు దాటిన కుక్కలో ఆ అడ్డు ఉండదు. రెండు మోతాదులు వేయడం మంచిదైనా, అటువంటి కుక్కకు ఒక్క మోతాదు కూడా చాలావరకు రక్షణ ఇస్తుంది. సంతాన నియంత్రణ శస్త్రచికిత్సకు పట్టి తెచ్చిన వీధి కుక్కలకు రేబిస్ టీకా ఎలాగూ వేస్తున్నారు. ఆ కేంద్రాలలో వేర్వేరు వీధుల కుక్కలు కొన్ని రోజులు పక్కపక్క గదులలో ఉంటాయి గనుక, ఒక్క కుక్క దగ్గితే చాలు, వ్యాధి అన్ని వీధులకూ చేరుతుంది. పట్టి తెచ్చిన రోజునే, శస్త్రచికిత్సకు ముందే, డిస్టెంపర్ మోతాదు కూడా వేస్తే అయ్యే అదనపు ఖర్చు ఆ సీసా ధర మాత్రమే. పట్టే కూలీ, బండి, గది, సిబ్బంది ఖర్చు అప్పటికే పెట్టి ఉన్నదే.